పాఠం ఒక భాషలో, పని మరొక భాషలో: ఇంజనీరింగ్ పట్టభద్ర విద్య – బోధనభాష చరిత్ర

ఇంజనీరింగ్ విద్యను తెలుగులో బోధించవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ పారిభాషిక పదాల మీదికి మళ్లుతుంది. ‘షియర్ ఫోర్స్’ను ఏమనాలి, ‘బెండింగ్ మొమెంట్’ను ఏమనాలి అన్న దగ్గర అది మొదలవుతుంది. తగిన పదాలు లేవు గనుక సాధ్యం కాదని ఒక పక్షం అంటుంది. పదాలు కల్పించుకుంటే సాధ్యమేనని మరొక పక్షం అంటుంది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు పక్షాలూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి: ఉన్న అడ్డంకి పదజాలమేనని. ఈ ఏకాభిప్రాయం చరిత్ర సాక్ష్యానికి నిలుస్తుందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ఇందుకోసం గిండీ, ఉస్మానియా కళాశాలల చరిత్రను, ఆ తరువాతి తెలుగు పదకోశాల కృషిని, 2021 నుంచి జరుగుతున్న ప్రయత్నాలను వరుసగా చూద్దాం. ఇంజనీరింగ్ చదువు ఏ భాషలో సాగాలన్నది, ఆ చదువు చదివినవాడు రాసే కాగితాన్ని ఎవరు చదువుతారన్న దానిపై ఆధారపడి నిర్ణయమవుతూ వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అంచనా పత్రం, నిర్మాణ పటం, పనుల నివేదిక – ఇవి రాయడం నేర్పడమే ఆ చదువులో ప్రధాన భాగం. వాటిని చదివే అధికారి ఏ భాషవాడో తరగతి గది ఆ భాషదే అయింది. పనిస్థలంలో మాత్రం ఎల్లకాలం తెలుగే నడిచింది.

1. పోరుమామిళ్ళ శాసనం

ఆధునిక కళాశాలలకు ముందు కూడా ఈ దూరం ఉందని చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం శక 1291 నాటిది, అంటే క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కరుడు అనే భవదూరుడు ఈ చెరువును తవ్వించాడు. దీనికి అనంతరాజసాగరమని పేరు.

ఈ శాసనం దానప్రశంసతో ఆగిపోదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను వరుసగా చెబుతుంది. ధర్మబుద్ధిగల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తీయని నీటి నది, ఆ నదికి ఆనుకున్న కొండ, మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, దగ్గరలో రాతి గని, నిపుణులైన పనివారు వాటిలో కొన్ని. ఆ తరువాత ఆరు దోషాలను చెబుతుంది. కట్టనుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, గర్భం నడుమ మెరక, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. స్థలనిర్ణయం, నేల స్వభావం, నీటి లభ్యత, ఆయకట్టు నిష్పత్తి అని నేటి నీటిపారుదల పాఠ్యాంశంలో మనం చదివే విభాగాలన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని రాతిమీద చెక్కిన పాఠ్యప్రణాళిక అనవచ్చు.

అయితే ఈ పాఠం సంస్కృత శ్లోకాల్లో ఉంది. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది పనివారు, రాయి తోలడానికి నూరు బండ్లు పనిచేశాయని అదే శాసనం చెబుతుంది. ఆ వెయ్యిమంది చేతిలో ఉన్న విద్యను పన్నెండో సాధనంగా శాసనకర్త లెక్కించాడు. వారి మాటను మాత్రం నమోదు చేయలేదు. ఆ శ్లోకాలకు పాఠకులు పండితులు, దాత వంశీయులు, రాబోయే రాజులు. భాష ఎంపిక వారిని బట్టి జరిగింది.

2. గిండీ: ఇంగ్లీషులోకి వెళ్లిన మన మాటలు

1794లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ సర్వే పాఠశాలను నెలకొల్పింది. ఖగోళవేత్త మైకేల్ టాపింగ్ సూచన మేరకు ఎనిమిదిమంది విద్యార్థులతో అది మొదలైంది. భూమి కొలత కంపెనీకి శిస్తు అవసరం, గనుక కొలిచేవాళ్లను తయారుచేయడం పాలనావసరమైంది. 1847–52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్ట కట్టాడు. ప్రజాపనులు విస్తరించిన ఆ దశలో సర్వేయర్లు మాత్రమే సరిపోలేదు. 1858లో ఆ పాఠశాల సివిల్ ఇంజనీరింగ్ పాఠశాలగా, మరుసటి ఏడు కళాశాలగా మారింది. 1894లో మెకానికల్, 1930లో ఎలక్ట్రికల్ శాఖలు చేరాయి. 1920లో కళాశాల గిండీ ఆవరణకు తరలింది. 1946లో కోస్తాకు, రాయలసీమకు సొంత కళాశాలలు వచ్చేదాకా మద్రాసు రాష్ట్రంలోని తెలుగు విద్యార్థికి ఇంజనీరింగ్ అంటే గిండీయే. తరువాతి కాలంలో కేంద్రమంత్రిగా పనిచేసిన నీటిపారుదల ఇంజనీరు కె.ఎల్. రావు కూడా అక్కడి విద్యార్థే.

అక్కడి బోధన ఇంగ్లీషులో సాగింది. పట్టభద్రుడు చేరే ప్రజాపనుల శాఖ ఇంగ్లీషులో నడిచింది గనుక దీన్ని ఎవరూ ప్రశ్నించలేదు. కాని మద్రాసు ప్రజాపనుల శాఖవారి ఇంగ్లీషును పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. నదికి అడ్డంగా కట్టినదానికి వారు ‘అనికట్’ అని రాశారు. చెరువు కింది సాగుభూమికి ‘అయకట్’ అన్నారు. మిగులు నీరు పొర్లే కట్టడానికి ‘కళింగులా’ అన్నారు. ఆనకట్ట, ఆయకట్టు, కలుజు అనే దక్షిణభారత మాటలే ఇవి. లండన్‌లో పదం లేక కాదు, ఈ నేల మీద ఆ వస్తువు ఎలా ఉంటుందో చెప్పడానికి అక్కడి పదం చాలక వీటిని తీసుకున్నారు.

ఈ సంగతి మన పదజాల చర్చకు ముఖ్యమైనది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీరుకు అవసరమైన నీటిపారుదల మాటలు తెలుగులోనూ తమిళంలోనూ సిద్ధంగా ఉండటమే కాదు, ఇంగ్లీషుకు అప్పుగా కూడా వెళ్లాయి. అప్పుగా వెళ్లిన ఆ మాటలనే గిండీలో తెలుగు విద్యార్థి ఇంగ్లీషు లిపిలో, ఇంగ్లీషు బహువచన ప్రత్యయంతో తిరిగి నేర్చుకున్నాడు. తన ఊరి చెరువు మాట పరాయిభాష పారిభాషిక పదంగా అతనికి పాఠమైంది.

3. ఉస్మానియా: పదాలు సిద్ధమైన చోటు

హైదరాబాదు రాజ్యం కథ వేరు. 1880లలో అక్కడ పాలనభాషగా పారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. 1917లో అక్బర్ హైదరీ సమర్పించిన నివేదిక దేశభాషలో ఉన్నతవిద్య కావాలని వాదించింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీచేశాడు. ఉర్దూ బోధనభాషగా, ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తరగతులు తెరవకముందే, 1917లోనే, అనువాద సంస్థ ‘దారుల్ తర్జుమా’ పని ప్రారంభించింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి సారథి. చరిత్ర, తత్త్వశాస్త్రం మొదలుకొని గణితం, వైద్యం, ఇంజనీరింగ్ దాకా వందలాది గ్రంథాలు ఈ సంస్థ ద్వారా ఉర్దూలోకి వచ్చాయి. 1929లో ఇంజనీరింగ్ కళాశాల మొదలయ్యేనాటికి ఈ యంత్రాంగానికి పన్నెండేళ్ల అనుభవం ఉంది.

పదాల కల్పనపై అక్కడ జరిగిన వాదం తెలుగు పరిశోధకులకు కొత్తగా అనిపించదు. శాస్త్రపదాలన్నిటినీ అరబీ ధాతువుల నుంచే తీయాలని కొందరు పట్టుబట్టారు. ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీమ్ 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథం రాసి దీన్ని కాదన్నాడు. ఉర్దూ ఆర్యభాషా కుటుంబానికి చెందినది గనుక దాని స్వభావానికి తగినట్టు, దేశీయ పారసీక ప్రత్యయాలతో పదాలు కూర్చుకోవాలన్నది ఆయన వాదం. సంస్కృత సమాసమా, అచ్చతెనుగు మాటా, ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు తీసుకోవడమా అని మనం నేటికీ పడే తర్జనభర్జనకు ఇది సమాంతరం. తేడా ఒక్కటే. అక్కడ వాదంతో పాటు పుస్తకాలు అచ్చయ్యాయి, తరగతులు జరిగాయి, పట్టాలు వచ్చాయి.

ఇది ఎందుకు సాధ్యమైంది? పదాల కమిటీలు ఎంత శ్రమించినా ఆ ఒక్క శ్రమతో సాధ్యమయ్యేది కాదు. చదువు ముగించినవాడికి ఉద్యోగమిచ్చే రాజ్యం ఉర్దూలో నడుస్తున్నది. 1908 మూసీ వరదల తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఆపైన నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ వంటి నిర్మాణాలు ఆ రాజ్యం చేపట్టింది. వీటిని నిర్వహించే శాఖలకు మనుషులు కావాలి. ఉర్దూలో చదివిన ఇంజనీరు కాగితానికి పాఠకుడున్నాడు.

ఈ ప్రయోగానికున్న రెండో ముఖాన్ని కూడా దాచకూడదు. హైదరాబాదు రాజ్య ప్రజల్లో సుమారు సగం మంది తెలుగువారు. తరువాతి స్థానం మరాఠీ, కన్నడ భాషలది. ‘దేశభాష’ అన్న పేరుతో వచ్చిన ఉర్దూ, వరంగల్లు రైతుబిడ్డకు ఇంగ్లీషంత కాకపోయినా పరభాషే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదులోనే పుట్టాయి. చరిత్రనూ శాస్త్ర విషయాలనూ తెలుగు పాఠకుడికి అందించాలన్నది మండలి సంకల్పం. అంటే ఉర్దూలో విశ్వవిద్యాలయం రూపొందకముందే అదే నగరంలో తెలుగులో శాస్త్రవచనం మొదలైంది. దానికి పాఠకులున్నారు, ప్రభుత్వ పోషణ లేదు. అది తరగతి గదిదాకా రాలేదు.

మాటల రాకపోకలు మాత్రం ఆగలేదు. తెలంగాణలో చెరువు గర్భంలోని భూమిని ‘శిఖం’ అంటారు. కడుపు అని అర్థమిచ్చే పారసీ మాట ఇది. తూము, మత్తడి, అలుగు అనే తెలుగు మాటల పక్కన అది సహజంగా కుదురుకుంది. రైతు నోట పారసీ, తెలుగు ఒకే వాక్యంలో కలిసిన చోట, కళాశాలలో ఒకదానికే చోటు దక్కింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది. ఆ వెంటనే ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. ముప్ఫై ఏళ్లలో కూర్చిన పదాలు ఒక్కరోజులో పనికిరానివి కాలేదు. అవే పదాలు, అవే పుస్తకాలు, చాలామటుకు అవే ఆచార్యులు. మారింది పాఠకుడు. ఉర్దూలో అంచనా పత్రం చదివే రాజ్యం లేకుండా పోయింది. పదజాలమే బోధనభాషను నిలబెట్టగలిగితే ఉస్మానియాలో ఉర్దూ నిలిచి ఉండాలి. నిలవలేదన్న వాస్తవమే ఈ వ్యాస ప్రతిపాదనకు బలమైన ఆధారం.

4. పదకోశాలు వచ్చాయి, తరగతి రాలేదు

ఇక్కడ ఒక కాలవైచిత్రిని గమనించాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో నివేదిక ఇచ్చింది. ఉన్నతవిద్యలో ఇంగ్లీషు స్థానంలో వీలైనంత త్వరగా భారతీయ భాష రావాలని, అంతర్జాతీయ శాస్త్రపదాలను మన భాషల ఉచ్చారణకు అనుగుణంగా స్వీకరించాలని సూచించింది. దేశానికి ఈ సలహా అందుతున్న సమయంలోనే, భారతీయ భాషలో ఇంజనీరింగ్ బోధించిన విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారింది.

తెలుగునాట 1946లో విశాఖపట్టణంలో మొదలై కాకినాడకు తరలిన కళాశాల, గిండీలో పుట్టి అనంతపురం చేరిన కళాశాల, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం – ఇవన్నీ ఇంగ్లీషులోనే బోధించాయి. 1966లో అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమీ వచ్చాయి. పి.వి. నరసింహారావు అకాడమీ తొలి అధ్యక్షుడు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయుల్లో శాస్త్ర, సామాజికశాస్త్ర పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు అకాడమీ తెచ్చింది. తెలుగు మాధ్యమంలో బి.ఎస్సీ. చదివిన తరాలు దాని ఫలితమే. భౌతికశాస్త్రం, గణితం తెలుగులో డిగ్రీదాకా నడిచాక, వాటిమీదే ఆధారపడిన ఇంజనీరింగ్ ఆగిపోవడానికి పదాల కొరత కారణమని చెప్పడం కష్టం. బి.ఎస్సీ. చదివినవాడు తెలుగు మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయుడు కాగలిగాడు. ఇంజనీరుకు అటువంటి గమ్యం లేదు.

మరోవైపు, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటం వెలువరించింది. అది వ్యవసాయానికి సంబంధించినది. ఆ పరంపరలో చేనేత, గృహనిర్మాణం వంటి వృత్తులకూ సంపుటాలు వచ్చాయి. ఊరూరా తిరిగి పనివారి నోటినుంచి సేకరించిన ఈ సంపద భాషాశాస్త్ర పరిశోధనకు ఆకరమైంది. నిర్మాణవిద్య నేర్పే తరగతికి చేరలేదు. తెలుగు శాఖ దాన్ని మాండలిక సామగ్రిగా చూసింది, ఇంజనీరింగ్ శాఖ అసలు చూడలేదు. ఈ లోపంలో మన వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఈ విషయం నాకు గ్రంథాలయంలో తట్టలేదు. నా తండ్రి తాపీ మేస్త్రీ. తమ్ముడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో సెలవులకు వచ్చి సర్వే ప్రయోగశాల రికార్డు రాసుకునేవాడు. ‘ప్లంబ్ బాబ్’, ‘స్పిరిట్ లెవెల్’, ‘ట్రై స్క్వేర్’ బొమ్మలు గీసి ఇంగ్లీషులో పేర్లు పెట్టాడు. గుండు, రసమట్టం, మూలమట్టం ఆ పక్కనే నాన్న సంచిలో ఉన్నాయి. బొమ్మలను నాన్న గుర్తుపట్టాడు, పేర్లను పట్టలేదు. సంచిలోవాటి తెలుగు పేర్లు తమ్ముడికి తెలుసు, కాని అవి చదువులో భాగమని అతను ఎన్నడూ అనుకోలేదు. రేపు పనిస్థలంలో అతను ఎవరికి సూచనలివ్వాలో వారి భాష, నాలుగేళ్ల పాఠ్యక్రమంలో ఒక్క పుటలోనూ లేదు.

5. 2021 తరువాత

2020 జాతీయ విద్యావిధానం మాతృభాషా బోధనను ప్రోత్సహించింది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించి, పాఠ్యపుస్తకాల అనువాదం చేపట్టింది. ఉస్మానియా తరువాత ఇంత విస్తృతంగా జరిగిన ప్రయత్నం ఇదే. అయితే ఉస్మానియా అనుభవం అడిగే ప్రశ్నను ఇక్కడా అడగాలి: ఈ పట్టభద్రుడు రాసేది ఎవరు చదువుతారు? కాంక్రీటు నిర్మాణానికి ప్రమాణమైన ఐ.ఎస్. 456ను ఇంజనీర్లు ఇంగ్లీషులోనే చదువుతున్నారు. పై చదువులకు దారితీసే గేట్ పరీక్ష ఇంగ్లీషులోనే జరుగుతోంది. ఉద్యోగమిచ్చే సంస్థల ముఖాముఖి ఇంగ్లీషులోనే.

ఇక్కడ తమిళనాడు అనుభవం ఉపయోగపడుతుంది. 2010లో అన్నా విశ్వవిద్యాలయం సివిల్, మెకానికల్ శాఖల్లో తమిళ మాధ్యమం ప్రవేశపెట్టింది. తమిళ మాధ్యమంలో చదివినవారికి ప్రభుత్వ నియామకాల్లో ఇరవై శాతం ప్రాధాన్యం ఇస్తూ అదే ఏడు అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. అంటే కాగితానికి పాఠకుణ్ణి చూపే ప్రయత్నం జరిగింది. అయినా దారి సులువు కాలేదు. 2023లో విశ్వవిద్యాలయం తన కొన్ని కళాశాలల్లో ఈ కోర్సులను నిలిపివేస్తున్నట్టు ప్రకటించి, విమర్శలు రావడంతో వెనక్కు తగ్గింది. ప్రభుత్వోద్యోగాల్లో ఒక భాగానికి హామీ ఉన్నచోటే ఇంత ఊగిసలాట ఉంటే, అటువంటి హామీ లేకుండా అనువాద గ్రంథాలమీదే భారం వేయడం తెలుగు విద్యార్థిని పణంగా పెట్టడమవుతుంది. ఇంగ్లీషు భయంతో తెలుగు మాధ్యమంలో చేరేది ఎక్కువగా గ్రామీణ, తొలితరం విద్యార్థులు. పాఠకుడు లేని భాషలో వారికి పట్టా ఇవ్వడం మేలు కాదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, పదజాలం బోధనభాషకు అవసరమే కాని అది నిర్ణాయకం కాదు. ఉస్మానియాలో పదాలు ఉండగానే ఉర్దూ పోయింది. గిండీలో తెలుగు మాటలు ఇంగ్లీషుకు అప్పుగా వెళ్లినా తెలుగు రాలేదు. రెండోది, పాలనలో, పనుల శాఖల్లో తెలుగు నిజంగా నడిచినప్పుడే తరగతిలో తెలుగు నిలుస్తుంది. అధికార భాషా చట్టం అమలును అడగకుండా ఇంజనీరింగ్‌లో తెలుగును అడగడం పునాది లేకుండా గోడ లేపడమే.

మూడోది మన శాఖలకు సంబంధించినది. పూర్తి మాధ్యమం మారేదాకా ఆగనక్కర లేని పని ఒకటి ఉంది. ఇంజనీరింగ్ తొలి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠం, దానికో ప్రయోగశాల ఉన్నాయి. వాటి పక్కన ‘పనిస్థల తెలుగు’ అనే ఒక చిన్న పాఠ్యాంశం ఉండవచ్చు. తూము, అలుగు, కలుజు, రసమట్టం, మూలమట్టం అందులో పాఠమవుతాయి. రైతుకు కాలువ మరమ్మతు గురించి నోటీసు రాయడం, గ్రామసభలో అంచనాను వివరించడం, పనివారికి జాగ్రత్తలు చెప్పడం అందులో అభ్యాసమవుతాయి. ఈ రచనలకు పాఠకులు ఇప్పటికే ఉన్నారు. వృత్తిపదకోశాల సంపుటాలు దీనికి ఆకరం. దీన్ని బోధించగలవారు తెలుగు శాఖల్లోనే ఉన్నారు, పరిశోధన ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ.

పోరుమామిళ్ళ శాసనకర్త పనివారి నైపుణ్యాన్ని పన్నెండో సాధనంగా పేర్కొని వారి మాటను వదిలేశాడు. ఆరున్నర శతాబ్దాలుగా మన సాంకేతిక విద్య ఆ లోటును దిద్దుకోలేదు. మాధ్యమం మార్పు ప్రభుత్వాల చేతిలోని పని. ఆ వదిలేసిన మాటను పాఠ్యక్రమంలోకి తేవడం మాత్రం మన చేతిలోనే ఉంది.